రంపమక్క మేత రోజులు

మా ఆవిడ డైటింగ్ మొదలుపెట్టిన ఆరో రోజు పొద్దున తూకం మనిషి పళ్లు రెండు రాలగొట్టింది. అతను చేసిన నేరం అరటిపండు తినడం.

కబేళాలో పని మొదలయ్యే ముందు మేమంతా రబ్బరు బూట్లు తొడుక్కునే గది ఒకటి ఉంది. ఇనుప బీరువాలు, తడి సిమెంటు, ముక్కు పగిలే బ్లీచింగ్ వాసన. ఆ గదిలో బెంచీ మీద ఆమెకి ఎదురుగా కూర్చుని, తొక్క నాలుగు పాయలుగా వలిచి, కళ్లు మూసుకుని మరీ తిన్నాడు. తిని "అబ్బ..." అన్నాడు. ఆ అబ్బ పూర్తి కాలేదు. పిడికిలి నోటి మీద పడింది. మనిషి బీరువా తలుపుకు కొట్టుకుని కింద కూలబడ్డాడు. నేను వెనక నుంచి ఆమె నడుం పట్టుకుని లాగబోతే, మోచేత్తో నా పక్కటెముకల్లో ఒకటి ఇచ్చింది.

"అరటిపండు తినడం కూడా తప్పేనా అక్కా?" అని తూకం మనిషి నెత్తురు ఉమ్ముకుంటూ అడిగాడు.

"తినడం తప్పు కాదు. అబ్బ అన్నావు చూడు, అది తప్పు" అంది.

ఆమెను అందరూ రంపమక్క అంటారు. కొక్కేనికి తలకిందులుగా వేలాడే గొడ్డును వెన్నెముక మధ్య నుంచి రెండు బద్దలుగా కోసే కరెంటు రంపం ఆమెది. ఆ పనిలో మగవాళ్లు గంటకోసారి మారతారు, భుజాలు పట్టేస్తాయి. ఆమె మారదు. గీత గీసినట్టు కోస్తుంది. నేను ఆమెకి ముందు నిలబడి తోలు దించేవాణ్ణి. నా చేతిలోంచి వెళ్లిన గొడ్డే ఆమె చేతికి వెళుతుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేం మాట్లాడుకున్నదాంట్లో సగం ఆ రంపం హోరు మీద అరుచుకున్నదే. అందుకే ఇంట్లో మామూలుగా మాట్లాడుకున్నా పక్కింటివాళ్లు పోట్లాట అనుకుంటారు. నిజంగా పోట్లాడుకున్న రోజున మాత్రం ఏమీ అనుకోరు, తలుపులు వేసుకుంటారు.

మాకు పిల్లలు పుట్టలేదు. ఆమె పెంచిన పిల్లవాడు ఒక్కడే, ఆమె తమ్ముడు. వాళ్లమ్మ పోయేనాటికి ఆమెకి పదకొండేళ్లు, వాడికి నాలుగు. మా మామ కూడా ఈ కబేళాలోనే పనిచేసి, ఇంటికి నెత్తుటి చొక్కాతో వచ్చి, గోడ వైపు తిరిగి పడుకునే రకం. పిల్లవాణ్ణి పెంచడం ఆమె మీద పడింది. పెంచింది. ముద్ద నోట్లో పెట్టేది, మింగకపోతే చెంప మీద ఒకటిచ్చేది. పలక పగలగొడితే వీపు మీద, అబద్ధం చెబితే మూతి మీద. తను పదకొండేళ్ల పిల్ల, ఇంకో దారి తెలియదు. వాడు పదహారేళ్లకు ఆమె కంటే పొడుగయ్యాడు. ఆ ఏడాదే మొదటిసారి తిరిగి కొట్టాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసినచోటల్లా ఏదో ఒకటి విరిగేది. ఓసారి మా ఇంట్లోనే, నా కళ్ల ముందే, చెక్క స్టూలు ఎత్తి ఆమె దవడ విరగ్గొట్టాడు. నాకు ఒళ్లు తెలియలేదు. వాణ్ణి కింద పడేసి గొంతు మీద కూర్చున్నాను. అప్పుడు నా తల మీద దబ్బుమని ఒకటి పడింది. తిరిగి చూస్తే ఆమె. దవడ ఒక పక్కకు వేలాడుతోంది, గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది, చేతిలో అదే స్టూలు. తమ్ముడి మీద చెయ్యి వేసినందుకు నన్ను కొట్టింది. ఆ రోజు నుంచి వాడి పేరు ఎత్తితే నాకు కడుపులో మంట.

వాణ్ణి అందరూ సమ్మెట అనేవాళ్లు. గొడ్డు నుదుటి మీద కొట్టి పడేసే పని వాడిది. తర్వాత్తర్వాత సమ్మెట పోయి తుపాకీ వచ్చింది గానీ పేరు మారలేదు. పని బాగా చేసేవాడు, ఒప్పుకోవాలి. ఒక్క దెబ్బకి గొడ్డు మోకాళ్ల మీద పడేది, రెండో దెబ్బ ఉండేది కాదు. తాగుడు కూడా అంతే పట్టుగా తాగాడు. నలభై దాటకముందే కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి, పొట్ట కుండలా ముందుకొచ్చింది. కాలేయం పనికిరాదు, ఇంకొకరిది కొంత కోసి పెడితే బతుకుతాడు, లేకపోతే లేదు అన్నారు పెద్దాసుపత్రిలో. రక్తం కలిసింది అక్కదే.

కానీ ఆమె కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. డాక్టరు కంప్యూటరులో బొమ్మ చూపిస్తే ఆమె ముందుకు వంగి చూసింది.

"మా దగ్గర ఇలాంటి కార్జం వస్తే పక్క తొట్టిలో పారేస్తాం డాక్టర్."

"మేం పారెయ్యం. కరిగిస్తాం" అన్నాడు డాక్టరు. "పది వారాలు టైమిస్తాను. మీరు పదమూడు కిలోలు తగ్గండి. కొవ్వు పది శాతం లోపలికి రావాలి. అప్పుడే మీ మీద కత్తి పెడతాను."

ఇంటికొచ్చాక మా మధ్య యుద్ధం జరిగింది. "నీ దవడ విరగ్గొట్టినవాడికి నీ కడుపు కోసి పెడతావా?" అని నేను, "పెడతాను" అని ఆమె. "వాడు బాగై మళ్లీ తాగి మళ్లీ నిన్నే కొడతాడే పిచ్చిదానా" అని నేను. ఆమె చేతిలో ఉన్న గిన్నె గోడకేసి కొట్టింది. గిన్నె సొట్టపోయి దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది.

"వాడికి కొట్టడం ఎవరు నేర్పారనుకున్నావు?" అంది. "మా అమ్మా? మా నాన్నా? నేను. అన్నంతో పాటు దెబ్బలు పెట్టాను. వాడు నన్ను కొట్టిన ప్రతి దెబ్బా నేను పెట్టిందే. వాడు అలా పోతే నేను ఎక్కడ తల పెట్టుకోవాలి?"

 అక్కడితో ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేదు, నోటికొచ్చింది అన్నాను, ఆమె నా చొక్కా చింపింది. మర్నాటి నుంచి డైటింగ్ మొదలైంది.

ఆసుపత్రిలో తిండి సంగతి చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. మనిషి మొత్తం కలిపి గొడ్డు వెనక తొడంత బరువుండదు. గొంతు మాత్రం మా మేస్త్రీకి ఉండాల్సింది ఆవిడకి పెట్టినట్టున్నారు. కాగితం మీద గడులు గీసి ఇచ్చింది. ఏడు రోజులు తక్కువ తిండి: ఆకుకూరలు, గుడ్లు, కాస్త చికెన్, గుప్పెడు అన్నం. రోజుకి పద్నాలుగు వందల కేలరీలు దాటకూడదు. ఎనిమిదో రోజు ఇరవై రెండు వందలు. ఆ పెరిగింది నూనె, నెయ్యి, మిఠాయి రూపంలో కాదు, అన్నం, రొట్టె, బంగాళాదుంప, పండ్లు. తొమ్మిదో రోజు మళ్లీ మొదటికి.

"తగ్గమని ఒకపక్క చెబుతూ మళ్లీ పెంచడమేంటమ్మా?" అన్నాను నేను.

"రోజుల తరబడి తక్కువ తింటే ఒళ్లు భయపడుతుందండీ. ఖర్చు తగ్గించుకుని ముడుచుకుంటుంది. కండల్లో దాచుకున్న చక్కెర అయిపోతుంది, మనిషికి నీరసం, చిరాకు, పనిలో చెయ్యి తడబడుతుంది. మధ్యలో ఒకరోజు నిండుగా పెడితే ఆ చక్కెర మళ్లీ నిండుతుంది. ఆ ఒక్కరోజు తిండికి కొవ్వు పెరగదు. మళ్లీ వారం నడవడానికి బలం వస్తుంది. ఇది తప్పు చేయడం కాదు, సెలవు కాదు, ప్లాన్‌లో భాగం. తప్పకుండా తినాలి."

నాకు సగమే ఎక్కింది. మా ఆవిడకి మొత్తం ఎక్కింది. "నల్ల మాంసం" అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఆమె చెప్పింది: దూరం నుంచి లారీలో కుక్కి తెచ్చిన గొడ్డు, దారంతా బెదిరి, తన్నుకుని, తిండి లేక అలిసిపోయిన గొడ్డును దించగానే కొడితే దాని మాంసం నల్లగా, జిగటగా వస్తుంది, ఎవరూ కొనరు. కండలో ఏదో అయిపోతుంది. అందుకే దించినదాన్ని నిలబెట్టి, నీళ్లు, మేత పెట్టి, స్థిమితపడ్డాకే లోపలికి తోలుతారు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి పట్టుకుని విన్నది. "ఇరవై ఏళ్లలో నా పేషెంట్లకి నేను ఇంత బాగా చెప్పలేకపోయాను" అంది. అలా ఎనిమిదో రోజుకి మా ఇంట్లో మేత రోజు అని పేరు పడింది.

మొదటి మేత రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పొద్దున్నే లేచి బంగాళాదుంపలు ఉడకబెట్టింది. ఉప్పు ఒక్కటే. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా అలాగే కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "వేడిగా ఉందా?" అన్నాను. "నోర్ముయ్" అంది. ఆ రోజు కోత హాల్లో తూకం మనిషిని పిలిచి భుజం మీద చెయ్యి వేసి, "పళ్లు కట్టించుకో, ఖర్చు నాది" అంది. అతను భయపడి మూడు అడుగులు వెనక్కి వేశాడు.

త్వరలోనే హాల్లో అందరికీ మా గడుల కాగితం సంగతి తెలిసిపోయింది. మేస్త్రీ దాన్ని చూసి రాసుకుని నోటీసు బోర్డు మీద తనదో కాగితం అంటించాడు. మేత రోజున ఆకుపచ్చ చుక్క, ఐదో రోజు నుంచి ఎర్ర చుక్కలు. ఆమెతో చెప్పాల్సిన చెడ్డ కబురు, పెట్టాల్సిన గొడవ ఏదున్నా ఆకుపచ్చ చుక్క వచ్చేదాకా ఆపేవాళ్లు. ఎర్ర చుక్కల రోజుల్లో ఆమె పక్కన కత్తి పట్టుకుని నిలబడటానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఏడో రోజున మేస్త్రీ మీదికి చాకు విసిరింది, అది అతని టోపీని తలుపుకు గుచ్చింది. ఎనిమిదో రోజున అదే టోపీ కుట్టి ఇచ్చింది. నాకైతే ఒంటి మీది గాయాలు చూసుకుని ఇవాళ ఎన్నో రోజో చెప్పగలిగే అనుభవం వచ్చింది.

కానీ తగ్గింది. తొంభై ఒకటి ఉన్న మనిషి ఏడు వారాలకి ఎనభై ఒకటికి వచ్చింది. రంపం గీత చెదరలేదు. అదంతా మేత రోజుల చలవే, నేను పక్కన నిలబడి చూశాను.

అప్పుడు డాక్టరమ్మ ప్లాన్ మార్చింది. ఒంట్లో కొవ్వు తగ్గేకొద్దీ దాచుకున్నది తక్కువ కాబట్టి ఒళ్లు త్వరగా అలిసిపోతుందట. ఇక ఎనిమిదో రోజుదాకా ఆగొద్దు, ప్రతి నాలుగో రోజూ నిండుగా తినమంది. ఆపరేషన్ దగ్గరపడేకొద్దీ తిండి పెరగాలి, నీరసించిన ఒంటి మీద కత్తి పెట్టరు అని రెండుసార్లు చెప్పింది. మా ఆవిడ తలూపింది. 

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది: "కోతకి తోలేముందు ఎవడైనా మేత పెడతాడా?"

మా పనిలో ఇది పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. లారీ దిగినప్పుడు మేత పెడతాం. కోతకి ముందు రోజు మాత్రం పూర్తిగా ఆపేస్తాం, నీళ్లు తప్ప ఏమీ ఉండదు. నిండు కడుపు మీద కత్తి జారితే పేడ చిమ్మి మాంసమంతా పాడవుతుంది. మా మామ దగ్గర నుంచి మాదాకా ఎవరమూ తప్పని నియమం. ఆమె ముప్పై ఏళ్లు గొడ్లను కోసిన మనిషి. ఇప్పుడు కోసేది తన కడుపు. కోత దగ్గరపడుతుంటే మేత పెంచమంటున్నారు. ఆమె చేతులకి అది నచ్చలేదు, అంతే.

"వాళ్లకి చదువుంది గానీ చెయ్యి తిరగలేదు" అంది. "ఈ మూడు వారాలూ మేత ఆపేస్తే? కార్జం శుభ్రంగా ఉంటుంది. నువ్వేమంటావు?"

నేను అనాల్సింది ఒకటే. గొడ్డును మర్నాడు ముక్కలు చేస్తాం, నువ్వు మర్నాడు లేచి నడవాలి కదే, అని. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. "నీ ఇష్టం" అన్నాను.

ఎందుకన్నానో దాచను. ఆమె నీరసించిపోతే డాక్టర్లే వద్దంటారు. నా చేతికి మట్టి అంటకుండా పని జరిగిపోతుంది. నా పెళ్లాం కడుపు నాకు దక్కుతుంది, వాడి చావు వాడు చస్తాడు. నేను కోరుకున్నది అచ్చంగా అదే. ఇది రాస్తుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మేస్త్రీ బోర్డు మీద ఆకుపచ్చ చుక్కలు నాలుగో రోజుకి మార్చాడు, ఆ మేత రోజున ఆమె అన్నం వండేది. కంచం నిండా పెట్టుకుని "గాలికి కూర్చుంటా" అని పెరట్లోకి వెళ్లేది. ఖాళీ కంచం తెచ్చి తొట్టిలో పడేసేది. మా ఇంట్లో గిన్నెలు కడిగేది నేను. అన్నం తిన్న కంచానికి వేళ్ల చారలుంటాయి, అంచున నాలుగు మెతుకులుంటాయి. ఈ కంచం నీళ్లతో తొలిచినట్టుండేది. పెరటి గోడ అవతల మురిక్కాలవలో తెల్లగా అన్నం తేలేది. ఒక మేత రోజు అలా పోయింది. రెండోది పోయింది. మూడోదీ, నాలుగోదీ పోయాయి. నేను కంచాలు కడిగి బోర్లించాను.

ఆ రోజుల్లో ఆమె కోపానికి అడ్డూ ఆపూ లేకపోయింది. ఆకుపచ్చ చుక్క రోజే కదా అని కబుర్లాడబోయిన తూకం మనిషి గొంతు పట్టుకుని తొట్టిలోకి వంచింది. నలుగురం కలిసి విడిపించాం. బీరువా తలుపు రాకపోతే పిడికిలితో కొట్టి కొట్టి ఇనుమును లోపలికి నొక్కేసింది. వేళ్ల కణుపులు చిట్లి, చేతి తొడుగు ఎర్రగా అంటుకుపోయింది. "మేత పని చేయట్లేదా ఏంటి?" అని మేస్త్రీ నన్ను చాటుగా అడిగాడు. నేను భుజాలెగరేశాను.

మధ్యలో ఒక సాయంత్రం సమ్మెటను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాం. మంచం మీద పసుపు ముద్దలా పడి ఉన్నాడు. చేతులు పుల్లలు, పొట్ట ఒక్కటే మనిషి. నాలుగు నెలలుగా చుక్క ముట్టలేదు, అది మాత్రం నిజం. ఆమె వాడి దుప్పటి సర్దుతూ, "గడ్డం గీసుకోవడానికేం రోగం?" అని కసిరి, నర్సును పిలవడానికి బయటికి వెళ్లింది. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"బావా. దాని మెడ చూశావా? ఎముకలు బయటికొచ్చాయి. కళ్లు లోపలికి పోయాయి. అది తినట్లేదు బావా."

"నీ కోసమేగా" అన్నాను.

"దాన్ని తినమను. నేను తినమన్నానని చెప్పు. నేను చెబితే అది నన్ను తంతుంది, నువ్వు చెప్పు. ఎన్ని గొడ్లను చూశాను బావా, ఇలాంటి కళ్లతో వచ్చింది లోపలిదాకా నడవదు."

"ఆ తెలివి సీసా ఎత్తినప్పుడు ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అని చెయ్యి విదిలించుకున్నాను.  దారిలో ఆమె "ఏమన్నాడు?" అని అడిగింది. "ఏమీ లేదు" అన్నాను.

అయిదో మేత రోజు రావాల్సిన పొద్దున్న ప్రమాదం జరిగింది. ఆ రంపానికి రెండు మీటలు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే తిరగాలి, చేతులు పళ్లకి దూరంగా ఉండాలని చేసిన ఏర్పాటు. పని వేగంగా సాగాలని ఒక మీటను ఎవరో ఎప్పుడో తీగతో కట్టేశారు, అందరం చూస్తూ ఊరుకున్నాం. నా దగ్గర నుంచి పెద్ద ఎద్దొకటి ఊగుతూ ఆమె దగ్గరికి వెళ్లింది. ఆమె దాన్ని ఆపడానికి ఎడమ చెయ్యి చాచి తొడ మీద ఆనించింది. కుడి చేత్తో రంపం ఎత్తింది. కళ్లు తేలేసింది. మోకాళ్లు మడతపడ్డాయి. రంపం ఎముక మీద నుంచి జారి, తిరుగుతూనే, ఆమె ఎడమ చేతి మీదుగా కిందకి వచ్చింది.

ఆ చప్పుడు ముప్పై ఏళ్లుగా వింటున్నదే. ఎముక చప్పుడు. గొడ్డుదైనా మనిషిదైనా తేడా లేదని ఆ క్షణం తెలిసింది. మేస్త్రీ ఎర్ర బటన్ మీద పడ్డాడు. నేను చేతిలో కత్తి ఉందని కూడా మరిచిపోయి పరిగెత్తాను. ఆమె తడి నేల మీద వెల్లకిలా పడి ఉంది. చెయ్యి బొటనవేలి దగ్గర నుంచి మణికట్టుదాకా తెరుచుకుంది. తెల్ల నరాలు బయటికి కనిపిస్తున్నాయి, నెత్తురు గొడ్డు నెత్తుట్లో కలిసి కాలవలోకి పోతోంది. నేను నా చొక్కా విప్పి చుట్టబోతే కుడి చేత్తో నన్ను తోసి, ఆ చేత్తోనే పొట్ట తడుముకుంది.

"కడుపుకి తగల్లేదు కదా? చూడవయ్యా. కడుపుకి తగల్లేదు కదా?"

తగల్లేదు. కాలేయానికి ఏమీ కాలేదు. ఆసుపత్రిలో చెయ్యి కుట్టాక స్కాన్ కూడా తీశారు. కొవ్వు ఏడు శాతానికి దిగింది. డాక్టరు ఆ అంకె చదివి తల పైకెత్తలేదు. రక్తంలో ఉప్పులు అట్టడుగుకి పోయాయి, బలమిచ్చేవేవీ లేవు. పైగా గొడ్డు నెత్తురు తగిలిన గాయం, రెండో రోజుకే చీము పట్టింది. ఈ ఒంటి మీద కత్తి పెడితే టేబుల్ మీదే పోతుంది, మూడు వారాలు ఆగాలి, తిండి పెట్టి మనిషిని చేయాలి అన్నాడు.

తిండి డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి కాగితం తిప్పింది. "చివరి నాలుగు మేత రోజులూ తిన్నారా?"

"తిన్నాను" అంది మా ఆవిడ. అంటూ నా వైపు చూసింది. డాక్టరమ్మ కూడా నా వైపు చూసింది. నేను సెలైన్ సీసాలో బుడగలు చూశాను.

ఇంటికొచ్చాక ఆమె తిండి మీద పడింది. ఆకలి తీరడానికి కాదు, పగబట్టినట్టు తినేది. అన్నం, రొట్టె, గుడ్లు, పండ్లు, ఏది పెడితే అది, ఎప్పుడు పెడితే అప్పుడు. నేను రోజుకు ఆరుసార్లు వండాను. చీము తగ్గింది, మొహంలోకి రక్తం వచ్చింది. పదకొండో రోజు పొద్దున్న ఫోన్ వచ్చింది. తెల్లారుజామున సమ్మెట నెత్తురు కక్కుకున్నాడు. మంచం, గోడ, నర్సు చీర అంతా నెత్తురేనట. ఆపలేకపోయారు.

ఆమె ఏడవలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, నోట్లో ఉన్న ముద్ద మింగి, చెప్పులు వేసుకుంది.

వాణ్ణి కాటికి పంపించి వచ్చిన సాయంత్రం వంటింట్లో నేను ఉండబట్టలేకపోయాను. గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా చెప్పాను. "మేత రోజుల్లో నువ్వు తినలేదని నాకు తెలుసు. అన్నం కాలవలో పోస్తున్నావని తెలుసు. తెలిసీ ఊరుకున్నాను."

"నీకు తెలుసని నాకూ తెలుసు" అంది.

నేను గిన్నె తొట్టిలో పెట్టేశాను.

"మొదటి రోజు కంచం పట్టుకుని పెరట్లో ఎంతసేపు నిలబడ్డానో తెలుసా? అన్నం ఆవిరి మొహానికి కొడుతోంది. నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావు. తినవే అని ఒక్క మాటంటే తినేసేదాన్ని. కోతా లేదు, మేతా లేదు, అంత ఆకలిగా ఉంది నాకు. నువ్వంటావని రోజూ చూశాను. తిట్టి అన్నా తినేసేదాన్నయ్యా."

అప్పుడు నేను మిగిలినది కూడా చెప్పేశాను. ఆసుపత్రిలో వాడు నా మణికట్టు పట్టుకున్న సంగతి, మెడ ఎముకల సంగతి, తను చెప్పమన్న మాట. చెబుతూ ఆమె వైపు తిరిగాను. పొయ్యి మీది పెనం ఆమె కుడి చేతిలో ఉంది. అది నా భుజం మీద పడింది. ఎముక విరగడం చెవులతో విన్నాను. రెండో దెబ్బకి మోకాళ్ల మీద పడ్డాను. మూడోది తల మీద పడుతుందని కళ్లు మూసుకున్నాను, పడితే పడనీ అనుకున్నాను. పడలేదు. పెనం నేల మీద మోగింది. ఆమె నా ఎదురుగా గచ్చు మీద కూలబడి, కట్టుకట్టిన చెయ్యీ, కట్టులేని చెయ్యీ రెండూ నా మొహానికి ఆనించింది.

"మళ్లీ చెప్పు. వాడు ఎలా అన్నాడో అలాగే చెప్పు."

"దాన్ని తినమను బావా, నేను తినమన్నానని చెప్పు, అన్నాడు."

"మళ్లీ చెప్పు."

చీకటి పడేదాకా చెప్పించింది. భుజం నొప్పికి నాకు మాట తడబడితే వాడు తడబడ్డాడా అని అడిగింది. లేదన్నాను. అయితే సరిగ్గా చెప్పు అంది.

ఇది జరిగి రెండేళ్లయింది. ఆమె ఎడమ చేతి వేళ్లు ముడుచుకోవు, రంపం వేరేవాళ్లకి ఇచ్చారు, ఇప్పుడు మాంసం మీద ముద్రలు వేసే పని చేస్తోంది. డైటింగ్ లేదు, గడుల కాగితం లేదు. కానీ కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టదు. నా వైపు చూస్తుంది. ఇంట్లోనైనా, హాల్లో పదిమంది మధ్యనైనా అంతే. నేను "వాడు తినమన్నాడు" అంటాను. అప్పుడు తింటుంది.